మూడు రాత్రుల కళోత్సవం, మున్సిపల్ బడ్జెట్లో కళలకు పద్దు: ఏ కాగితం, ఏ నెల, ఎంత ఖర్చు

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. లక్ష లోపు జనాభా ఉన్న మున్సిపాలిటీలో డిసెంబరులో మూడు రాత్రుల కార్యక్రమం అనుకుంటున్నాం. మొదటి రాత్రి రెండు నాటికలు, రెండో రాత్రి తోలుబొమ్మలాట, మూడో రాత్రి బుర్రకథ, చిందు యక్షగానం. స్థలం హైస్కూలు మైదానం, ప్రవేశం ఉచితం. అంచనా 4.5 లక్షలు. సంఘం రిజిస్టరై నాలుగేళ్లు దాటింది. ఈ ఒక్కసారికి చందాలు సరిపోతాయి. కానీ మాకు కావలసింది ఏటా మున్సిపల్ బడ్జెట్లో కళలకంటూ ఒక పద్దు. దానికి ఏ చట్టం చూపించాలి? కేంద్రం, రాష్ట్రం నుంచి ఏమొస్తుంది? వేదిక దగ్గర ఎక్కడ దెబ్బ తింటాం? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

వార్డు_వాణి:
ముందు చట్టం సంగతి. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు 18 అంశాలున్నాయి. అందులో 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం. గ్రామం అయితే 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో 21వది సాంస్కృతిక కార్యకలాపాలు, 22వది సంతలు, తిరునాళ్లు. కాబట్టి "మాకు సాయం చేయండి" అని అడగకండి. "మీ అంశాల జాబితాలో ఇది ఉంది, దీనికి పద్దు ఎక్కడ?" అని అడగండి. మొదటి మాటకు కమిషనర్ శాలువా కప్పి పంపిస్తారు. రెండో మాట అంటే ఫైలు తెరవాలి.

ఇక సమయం. మున్సిపల్ బడ్జెట్ కౌన్సిల్ ముందుకు వచ్చేసరికి అంకెలు దాదాపు ఖాయమైపోయి ఉంటాయి. సెక్షన్లు అంచనాలు రాసుకునేది అంతకు రెండు మూడు నెలల ముందు. మీ కార్యక్రమం డిసెంబరులో కాబట్టి అది అయ్యాక అడుగుదాం అనుకుంటే ఆలస్యం. వినతిపత్రం నవంబరులోనే అకౌంట్స్ సెక్షన్‌కి చేరాలి, ఇన్‌వార్డ్ నంబరు తీసుకోవాలి. కార్యక్రమం అయిన వారంలో నివేదికను అదే నంబరు చూపించి జత చేయండి. మార్చిలో వెళ్లి అడిగితే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. అధికారి మనసు మంచిదా కాదా అన్నదాంతో దానికి సంబంధం లేదు, అప్పటికి అక్కడ ఖాళీ గడి ఉండదు.

పద్దులపుస్తకం:
దీనికి ముందు ఇంకో మెట్టు ఉంది: సమాచార హక్కు దరఖాస్తు. మున్సిపాలిటీలో పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో ఇవ్వండి (గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు). గడువు 30 రోజులు. మూడే ప్రశ్నలు: గత 3 ఆర్థిక సంవత్సరాల్లో సాంస్కృతిక కార్యక్రమాల పేరిట కేటాయింపు ఎంత, ఖర్చు ఎంత, ఏ తేదీన ఏ పనికి చెల్లించారు. పది ప్రశ్నలు అడిగితే జవాబు పొడి పొడిగా వస్తుంది. "ఎందుకు ఇవ్వలేదు" అని అసలు అడగొద్దు. చట్టం కింద రికార్డు ఇస్తారు గానీ కారణాలు తయారుచేసి ఇవ్వరు.

జవాబు రెండు రకాలుగా ఉండొచ్చు. ఒకటి, అసలు పద్దే లేదు. రెండు, పద్దు ఉంది గానీ అది జాతీయ పండుగల పందిళ్లకు, ఫ్లెక్సీలకు పోతోంది. రెండోదైతే మీ పని సులువు. కొత్త డబ్బు అడగనక్కరలేదు, ఉన్న పద్దులో కళాకారుల పారితోషికానికి ఇంత అని ఉపపద్దు అడిగితే చాలు.

రాష్ట్ర బడ్జెట్ చదవడం కూడా చెబుతాను, ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లేటప్పుడు పనికొస్తుంది. కళలు, సంస్కృతి పెద్దపద్దు సంఖ్య 2205. ఆ మొత్తం చూసి "ఇంత ఇస్తున్నారా" అనుకోవద్దు. పురావస్తువులు, పాత దస్తావేజుల భాండాగారాలు, పౌర గ్రంథాలయాలు, మ్యూజియాలు అన్నీ అందులోనే. మనకు సంబంధించింది చిన్నపద్దు 102, కళలు సంస్కృతి ప్రోత్సాహం. 101 లలితకళల విద్య. భవనాలైతే వేరేగా 4202లో వస్తాయి. ఒక్కో వరుసలో బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు పక్కపక్కన ఉంటాయి. మూడూ పట్టుకోండి. అంచనాలో గొప్పగా ఉండి వాస్తవ ఖర్చులో సగమైన పద్దు కనబడితే శాసనసభలో అడిగించాల్సిన ప్రశ్న అదే.

కృష్ణాతీరం:
ఇంత వివరం ఎక్కడా దొరకలేదు, ధన్యవాదాలు. కేంద్రం డబ్బు గురించి ఎవరైనా చెప్పగలరా?

పద్దులపుస్తకం:
కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ గొడుగు పథకం కళా సంస్కృతి వికాస్ యోజన. మీలాంటి సంఘానికి సరిపోయేది అందులో సాంస్కృతిక కార్యక్రమాలు, ప్రదర్శనల నిర్మాణ గ్రాంటు. సాధారణంగా 5 లక్షల వరకు, రెండు విడతలుగా, మొదట 75 శాతం, లెక్కలు ఇచ్చాక 25 శాతం. సంఘం రిజిస్టరై కనీసం మూడేళ్లు కావాలి, అది మీకుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. దర్పణ్ పోర్టల్ (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ వెబ్‌సైటు) నమోదు, పాన్, ఆడిట్ అయిన మూడేళ్ల లెక్కలు సిద్ధం చేసుకోండి. దరఖాస్తులు పిలిచిన ఏడాది మార్గదర్శకాలు పూర్తిగా చదవండి, వివరాలు మారుతుంటాయి.

దెబ్బతినేది ఎక్కడంటే పేర్ల దగ్గర. రిజిస్ట్రేషన్ పత్రంలో "కళా సమితి", పాన్‌లో "కళాసమితి", బ్యాంకులో ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకో రకం. ఈ మూడూ అక్షరం తేడా లేకుండా కలిసేవరకు దరఖాస్తు పెట్టకండి. రెండోది ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ పత్రం, ఫారం జి.ఎఫ్.ఆర్. 12-ఎ. ఇది ఇవ్వకపోతే రెండో విడత ఆగుతుంది, వచ్చే ఏడు దరఖాస్తుకూ అడ్డుపడుతుంది. బిల్లు మీద తేదీ కార్యక్రమం తేదీకి నెలల దూరంలో ఉన్నా, షామియానా కొటేషన్ తెచ్చి బిల్లు తేకపోయినా ఆడిటరు సంతకం పెట్టరు.

నడిరేయి_నాటకం:
నా అభిప్రాయం కొంచెం వేరు. ఢిల్లీ డబ్బు మీద డిసెంబరు కార్యక్రమం పెట్టుకోకండి. మంజూరు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. దాన్ని తర్వాతి ఏడాదికి అనుకోండి. ఈ ఏడాదికి దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం, తంజావూరు, దక్షిణ మధ్య మండల కేంద్రం, నాగపూర్, ఈ రెంటికీ ఉత్తరం రాయండి. రెండు తెలుగు రాష్ట్రాలూ రెండు కేంద్రాల్లోనూ సభ్యులు. వాళ్లను డబ్బు అడగడం కంటే బృందాన్ని పంపమని అడగడం మంచిది. ఒక బృందం పారితోషికం, ప్రయాణం వాళ్లు భరిస్తే వేదిక, బస, భోజనం మనం చూసుకుంటాం. నగదు మన ఖాతాలోకి రాదు కాబట్టి లెక్కల బరువు కూడా తక్కువ.

చందాల సంగతి. చందా ఇచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చే 80జి నమోదు ఉంటే షాపులవాళ్లు, డాక్టర్లు ఇంకాస్త ధైర్యంగా ఇస్తారు. అయితే 2000 రూపాయలు దాటిన నగదుకు వాళ్లకు పన్ను మినహాయింపు రాదు, చెక్కో యూపీఐనో అడగండి. దగ్గర్లో పెద్ద ఫ్యాక్టరీ ఉంటే కంపెనీల చట్టం 7వ షెడ్యూలులో సంప్రదాయ కళలు, చేతివృత్తుల ప్రోత్సాహం ఉంది. కానీ కంపెనీ తన సామాజిక బాధ్యత నిధిని మీ సంఘం ద్వారా ఖర్చు చేయాలంటే మీకు 12ఎ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి, సీఎస్ఆర్-1 (అలాంటి నిధి తీసుకునే సంస్థగా నమోదు) ఉండాలి. ఇవి లేకుండా మేనేజర్ గదికి వెళ్తే టీ ఇచ్చి పంపిస్తారు.

తెరచాటు:
డబ్బు సంగతి పెద్దలు చెప్పారు, నేను వేదిక చెబుతాను. నాటికలకు లోపలి వెడల్పు 30 అడుగులు, లోతు 24, ఎత్తు మూడున్నర. రెండు పక్కలా 5 అడుగుల సైడ్ వింగులు (నటులు ప్రేక్షకులకు కనబడకుండా నిలబడే చోటు) ఈ 30కి అదనం. షామియానా వాళ్లు వింగులతో కలిపి 30 అంటారు, ముందే టేపు పెట్టి చూపించండి. వెనక నల్లతెర, దాని వెనక నటులు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వెళ్లడానికి 3 అడుగుల దారి. ఈ దారి మరిచిపోతే నటుడు వేదిక కింద నుంచి పాకాలి. చెక్కల మీద తివాచీ వేస్తే నాలుగంచులా మేకులు కొట్టించండి. చిందు వేసేవాళ్లకు తివాచీ ముడత పడితే కాలు మెలిక పడుతుంది. అసలు మూడో రాత్రి తివాచీ తీసేయడమే మేలు, గజ్జెల మోత చెక్క మీదే పలుకుతుంది.

కరెంటు లెక్క ఇలా వేసుకోండి. 1000 వాట్ల హాలోజెన్లు 12 అంటే 12 కిలోవాట్లు. సౌండు 3, మేకప్ గది, ఫ్యాన్లు కలిపి ఒకటిన్నర. మొత్తం 16.5. 25 కేవీఏ జనరేటరు 0.8 పవర్ ఫ్యాక్టరుతో 20 కిలోవాట్లు ఇస్తుంది, అందులో 80 శాతానికి మించి వేయకూడదు, అంటే 16. చాలదు. హాలోజెన్లు 6కి తగ్గించి, మిగతా 6 చోట్ల 150 వాట్ల ఎల్ఈడీ పార్ లైట్లు పెడితే మొత్తం 11.4కి దిగుతుంది. అదే 25 కేవీఏ హాయిగా లాగుతుంది. 15 కేవీఏ అద్దె తక్కువ అని దానికి పోవద్దు. డిమ్మర్ (లైట్ల వెలుగు పెంచి తగ్గించేది) ఒక్కసారి పైకి లేపగానే ఓల్టేజి పడిపోయి సౌండు మిక్సర్ ఆగిపోతుంది, సరిగ్గా పతాక సన్నివేశంలో.

సౌండుకూ లైట్లకూ ఒకే లైను ఇవ్వకండి. డిమ్మర్ ఉన్న లైనులో మిక్సర్ పెడితే స్పీకర్లలో జుమ్మని మోత వస్తుంది. రెండింటికీ వేరే ఫేజులు, కానీ ఎర్తింగు ఒక్కటే, అదీ గట్టిది. ఎర్తింగు కడ్డీ ఎండిన నేలలో పాతి వదిలేస్తే లాభం లేదు, ఉప్పు నీళ్లు పోయించండి. మంచు కాలం, మైకు పట్టుకున్నవాడికి షాకు కొట్టే ప్రమాదం ఉంటుంది.

గుమ్మెట:
తెరచాటు గారూ, ఆ లైట్లన్నీ రెండో రాత్రి ఆర్పేయాలని కూడా చెప్పండి. తోలుబొమ్మలాటకు ముందు వైపు ఏ దీపమూ పనికిరాదు. మైదానం అంచున వీధి దీపం ఉంటే ఆ రెండు గంటలు ఆపమని విద్యుత్ శాఖకు ముందే ఉత్తరం ఇవ్వాలి. తెల్లతెర వెడల్పు 12 అడుగులకు తగ్గొద్దు. మన తోలుబొమ్మలు కొన్ని మనిషంత ఎత్తు ఉంటాయి, రాముడూ రావణుడూ ఎదురుగా నిలిస్తే చోటు కావాలి. వెనక ఒకప్పుడు ఆముదపు దీపాలు ఉండేవి, ఇప్పుడు బల్బులు. పసుపు కాంతి బల్బులే పెట్టండి. తెల్లటి ఎల్ఈడీ వేస్తే ఎరుపు, నారింజ వెలవెలబోతాయి. హాలోజెన్ దగ్గరగా పెడితే తోలు వేడికి వంకర తిరుగుతుంది. డిసెంబరు మంచుకు తోలు మెత్తబడుతుంది కాబట్టి బొమ్మలపెట్టె నేల మీద కాకుండా బల్ల మీద, పైన కప్పు ఉన్నచోట ఉంచండి. ఆటగాళ్ల కాళ్ల కింద బల్లచెక్కలు కావాలి. యుద్ధంలో వాటి మీద తొక్కే చప్పుడే సగం యుద్ధం. వాటి దగ్గర ఒక మైకు కింద పెట్టండి.

బృందాన్ని పిలిచేటప్పుడు ఒక జాగ్రత్త. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంట పేరు అందరికీ తెలుసు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ తోలుతో దీపపు తొడుగులు, గోడ బొమ్మలు చేసేవాళ్లు చాలామంది ఉంటారు, రాత్రంతా కథ ఆడగలిగే పూర్తి బృందాలు తక్కువ. పాడేవాళ్లు ఎందరు, హార్మోనియం, మద్దెల సొంతమా, ఏ కథ, ఎంతసేపు అని ఫోనులోనే అడగండి. రాత్రంతా సాగే కథను రెండు గంటలకు కుదించమనేటప్పుడు ఏ ఘట్టం అనేది వాళ్లనే ఎంచుకోనివ్వండి. గంట ముందు వెళ్లి "అరగంట తగ్గించండి" అంటే కథ నడుం విరుగుతుంది.

బుర్రకథకు మూడు మైకులు. కథకుడు తంబురా భుజాన వేసుకుని ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తాడు కాబట్టి అతనికి కాలర్ మైకు, పక్కన గుమ్మెట వాయించే ఇద్దరికీ స్టాండు మైకులు, ఒక్కొక్కటి నోటి ఎత్తులో. గుమ్మెటకు వేరే మైకు పెడితే మాట మునిగిపోతుంది. చిందు యక్షగానం వాళ్లకు మేకప్పుకు, కిరీటాలు భుజకీర్తులు కట్టుకోవడానికి రెండు మూడు గంటలు పడుతుంది. మధ్యాహ్నం 3 గంటలకే గది, నీళ్లు, అద్దం, మంచి వెలుతురు ఉండాలి. ఆడవాళ్లకు వేరే గది, తలుపుకు గడియ. వీటికి పెద్ద ఖర్చు కాదు, అయినా చాలాచోట్ల ఇదే ఉండదు.

వార్డు_వాణి:
స్థలం దగ్గర ఒక చిక్కు ఉంది. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా మైకు వాడకూడదు. ఏడాదికి 15 రోజుల వరకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, కానీ అది ముందే ప్రకటించిన రోజులకే. బడి, ఆస్పత్రి, కోర్టు చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది. మీ మైదానం హైస్కూలుది కదా, పక్కన ఆస్పత్రి ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే స్పీకర్ల ముఖం అటు వైపు ఉండకుండా వేదిక దిశ మార్చండి. పోలీసు అనుమతి, హెడ్మాస్టరు సమ్మతి, అగ్నిమాపక శాఖ, తాత్కాలిక విద్యుత్ కనెక్షను, ఈ నాలుగూ మూడు వారాల ముందు. 6.30కి మొదలుపెట్టి 9.45కి ముగించేలా రాసుకోండి.

నడిరేయి_నాటకం:
9.45కి ముగియాలంటే సభ తగ్గాలి. రెండు నాటికలు గంట చొప్పున 2 గంటలు, సెట్టు మార్పిడి 20 నిమిషాలు. 3 గంటల 15 నిమిషాల్లో ఇక మిగిలేది 55 నిమిషాలు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథులు, సన్మానాలు అన్నీ కలిపి 15కి మించొద్దు, అదీ రెండు నాటికల మధ్య సెట్టు మారే సమయంలోనే తెర ముందు పెట్టండి. మొదట్లోనే గంటసేపు ప్రసంగాలు పెడితే పిల్లలున్న కుటుంబాలు నాటకం చూడకుండానే లేచిపోతాయి. శాలువాలు, జ్ఞాపికల డబ్బుతో ఇంకో కళాకారుడికి పారితోషికం ఇవ్వొచ్చు. ఈ మాట కార్యవర్గంలో గట్టిగా చెప్పండి.

నాటిక రచయిత దగ్గర లిఖితపూర్వక అనుమతి తప్పనిసరిగా తీసుకోండి, చిన్నదైనా రాయల్టీ ఇవ్వండి. కాపీరైట్ చట్టంలో టికెట్ లేని ప్రేక్షకుల ముందు ఔత్సాహిక బృందాలు ఆడేందుకు మినహాయింపు ఉంది, నిజమే. కానీ వీడియో తీసి యూట్యూబులో పెట్టడానికి అది వర్తించదు. విరామంలో వేసే సినిమా పాటలు కూడా వీడియోలో పడకుండా చూసుకోండి.

కృష్ణాతీరం:
పారితోషికం చెల్లింపు ఎలా? కొందరు పెద్ద వయసువాళ్లు నగదే అడుగుతున్నారు.

పద్దులపుస్తకం:
ప్రయాణ ఖర్చులకు అడ్వాన్సు నగదుగా ఇచ్చి రసీదు తీసుకోండి. పారితోషికం మాత్రం బ్యాంకులోకి, వీలైతే ఒక్కొక్కరి ఖాతాకి. బృంద నాయకుడికి మొత్తం ఇస్తే మీ పద్దులో ఒక్క పేరే ఉంటుంది, 8 మంది పని కనబడదు. ఆ 8 పేర్లు రికార్డులో ఉంటే ఆ కళాకారులకే లాభం: వృద్ధ కళాకారుల సాయానికి దరఖాస్తు చేసినప్పుడు ప్రదర్శనల రుజువు అడుగుతారు. కేంద్ర పథకంలో 60 ఏళ్లు దాటి, ఏడాది ఆదాయం 72,000 మించనివాళ్లకు నెలకు 6,000 వరకు వస్తుంది. కాబట్టి ప్రతి కళాకారుడికీ తేదీ, స్థలం, ప్రదర్శన పేరు రాసిన ధ్రువపత్రం సంఘం ముద్రతో ఇవ్వండి. శాలువా బీరువాలో ఉంటుంది, ఈ కాగితం పింఛను ఫైలులో ఉంటుంది.

జీఎస్టీ గురించి భయం వద్దు. జానపద, శాస్త్రీయ కళల ప్రదర్శనకు ఒక్కోదానికి లక్షన్నర లోపు పారితోషికం మీద పన్ను లేదు. తర్వాతెప్పుడైనా టికెట్ పెట్టినా, నాటకానికి మనిషికి 500 దాకా మినహాయింపే.

వార్డు_వాణి:
ఇప్పుడు అసలు సంగతి: ఈ మూడు రాత్రుల నుంచి కౌన్సిల్‌కు ఏం తీసుకెళ్తారు? "వేలాదిగా తరలివచ్చారు" అన్న వార్త ముక్క ఎవరినీ కదపదు. లెక్క కావాలి. 25 కుర్చీల చొప్పున 20 వరసలు, మొత్తం 500. కుర్చీకి 6 చదరపు అడుగులు, నడవలు కలిపి 4,000 చదరపు అడుగులు సరిపోతుంది. రాత్రికి మూడుసార్లు, 7.15, 8.15, 9.15కి వేదిక మీది నుంచి మూడు ఫొటోలు తీసి వరసల వారీగా నిండిన కుర్చీలు లెక్కపెట్టండి. వెనక నిలబడ్డవాళ్లను వేరుగా రాయండి. మూడింట్లో పెద్ద అంకె కాదు, మూడు అంకెలూ నివేదికలో పెట్టండి. 9.15కి కూడా జనం ఉన్నారంటే దానికే విలువ ఎక్కువ.

దాంతోపాటు ఒక చీటీ: ఏ వార్డు, ఎంతమంది వచ్చారు, ఇంతకుముందు ఈ కళ చూశారా, మళ్లీ రావాలనుందా. నాలుగు ప్రశ్నలే, పెద్ద అక్షరాలతో. వార్డు ప్రశ్న వదలొద్దు. కౌన్సిలర్‌కు "మీ 14వ వార్డు నుంచి ఇన్ని కుటుంబాలు" అని చూపించగలిగితే ఆయన చర్చలో నోరు విప్పుతాడు. చీటీలు ముగింపులో ఇస్తే తిరిగి రావు, రెండో అంకం ముందు పంచి పెన్సిళ్లతో సహా తిరగండి.

గుమ్మెట:
బయట బజ్జీలు, వేరుశనగలు అమ్మినవాళ్లను కూడా అడిగి రాసుకోండి, మామూలు రోజుకంటే ఎంత ఎక్కువ అమ్మారో. కళ వల్ల ఊరి వ్యాపారం నడుస్తుందన్న మాట వాళ్ల నోటే రావాలి.

పద్దులపుస్తకం:
కౌన్సిల్లో "డబ్బు ఎక్కడుంది" అని తప్పక అంటారు. గ్రంథాలయాల ఉదాహరణ చూపించండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం వల్ల ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో అందుతుందా అన్నది వేరే పోరాటం. కానీ ఆ పద్దును ఏ ఏడూ ఎవరూ "దయ చూపి" ఇవ్వరు, చట్టంలో ఉంది. కళలకు అలాంటిదేమీ లేదు. కొత్త పన్ను అడగమనడం లేదు. ఏటా ఒకే పేరుతో ఒక వరుస, దాని పక్కన ఒక అంకె అడగమంటున్నాను. మొదటి ఏడు 2 లక్షలైనా సరే. ఒకసారికి 10 లక్షలు ఇచ్చి మరిచిపోయే దానికంటే ఏటా కనబడే 2 లక్షలు మేలు, ఎందుకంటే తర్వాతి ఏడు గుమాస్తా పాత బడ్జెట్ ముందు పెట్టుకునే కొత్తది రాస్తాడు.

ఎంపీ నిధుల గురించి కూడా ఒక మాట. అవి శాశ్వత ఆస్తులకే, ప్రదర్శన ఖర్చుకు రావు. అక్కడ అడగాల్సింది బహిరంగ వేదిక, మేకప్ గదులు, మరుగుదొడ్లు.

కృష్ణాతీరం:
అందరి మాటలూ కలిపి తీర్మానం ముసాయిదా రాశాను, తప్పులుంటే చెప్పండి:

"రాజ్యాంగం 12వ షెడ్యూలు 13వ అంశం ప్రకారం, పట్టణంలో సాంస్కృతిక కార్యక్రమాల నిర్వహణకు, స్థానిక, జానపద కళాకారుల పారితోషికానికి వచ్చే ఆర్థిక సంవత్సరం బడ్జెట్లో 'కళలు, సంస్కృతి' పేరిట ప్రత్యేక పద్దు ఏర్పాటు చేసి రూ. 2,00,000 కేటాయించాలని, అందులో కనీసం 60 శాతం కళాకారుల ఖాతాలకు నేరుగా చెల్లించాలని, ఖర్చు వివరాలను ఏటా కౌన్సిల్ ముందు ఉంచాలని తీర్మానించడమైనది."

వార్డు_వాణి:
బాగుంది. రెండు మార్పులు. "వచ్చే ఆర్థిక సంవత్సరం" తీసి "వచ్చే ఆర్థిక సంవత్సరం నుంచి ప్రతి ఏటా" అని రాయండి, లేకపోతే ఒక్క ఏడుతో తీర్మానం తీరిపోతుంది. ఇది ఎజెండాలో ఎక్కాలంటే ఒక కౌన్సిలర్ పేరుతో వెళ్లాలి. ఛైర్‌పర్సన్ దగ్గరికి వెళ్లేముందే ఇద్దరు ముగ్గురు కౌన్సిలర్లను, వేర్వేరు పార్టీల వాళ్లను, కలవండి. ఒకే పార్టీ సంతకాలుంటే రెండో పార్టీ అడ్డు చెబుతుంది.

తెరచాటు:
60 శాతం కళాకారులకు అన్నది అస్సలు తీయకండి. అది లేకపోతే మొత్తం షామియానాకు పోతుంది. ఆ బిల్లులు రాసేది మా పనివాళ్లే అయినా చెబుతున్నాను. మైదానం కొలతలు, ఆస్పత్రి ఏ దిక్కున ఉందో పెడితే వేదిక దిశ, స్పీకర్ల చోటు గీసి పంపిస్తాను.